హుస్సేన్‌సాగర్‌కు నీరటి ఎవరు?

పార్కులు, విగ్రహాలు, దీపాలు, రేసు ట్రాక్... నలభై ఏళ్లుగా హైదరాబాద్ తన పెద్ద చెరువు ఒడ్డును తీర్చిదిద్దుతూనే ఉంది. ఆ చెరువులోకి ఏ నీరు వస్తోంది, ఎక్కణ్నుంచి వస్తోంది, వచ్చే దారిలో ఏం కలుస్తోంది అన్న ప్రశ్నకు మాత్రం ఇంకా సరైన జవాబు దొరకలేదు.

హుస్సేన్‌సాగర్ చుట్టూ ఒక్కసారి తిరిగి వస్తే నాలుగు దశాబ్దాల రాజకీయ చరిత్ర కళ్ల ముందు వరుసకడుతుంది. ఎన్టీఆర్ ముఖ్యమంత్రిగా ఉన్నప్పుడు ట్యాంక్‌బండ్ వెడల్పయింది. నన్నయ, మొల్ల, వేమన, త్యాగయ్య, గురజాడ, మఖ్దూం ఇలా 33 విగ్రహాలు కట్ట మీదికి వచ్చాయి. న్యూయార్క్‌లో నీటి నడుమ నిలబడ్డ లిబర్టీ విగ్రహాన్ని చూసి వచ్చిన ఎన్టీఆర్, మన చెరువు నడుమ బుద్ధుడు ఉండాలనుకున్నారు. భువనగిరి దగ్గర రాయగిరిలో దొరికిన ఏకశిలను గణపతి స్థపతి బృందం చెక్కింది. 1990 మార్చి 10న ఆ విగ్రహాన్ని తీసుకెళ్తున్న బార్జి ఒరిగిపోయింది. మనుషులు చనిపోయారు, బుద్ధుడు నీట మునిగాడు. రెండేళ్లకు పైగా చెరువు అడుగున ఉండి, 1992 డిసెంబరు 1న చెరువు నడుమనున్న జిబ్రాల్టర్ రాక్ మీద నిలిచాడు. సరిగ్గా అదే మార్చి 10న, 2011లో, తెలంగాణ ఉద్యమకారుల మిలియన్ మార్చ్ నాడు కట్ట మీది విగ్రహాలు కొన్ని కూలాయి. తర్వాత మళ్లీ లేచాయి.

బుద్ధుడు నిలిచాక ఒడ్డున పనులు ఆగలేదు. 1994లో లుంబిని పార్క్. నిజాం కాలం నాటి థర్మల్ విద్యుత్ కేంద్రం నేలమట్టం. నెక్లెస్ రోడ్డు, ఎన్టీఆర్ ఘాట్, ఎన్టీఆర్ గార్డెన్స్, ప్రసాద్స్ థియేటర్, పీవీ నరసింహారావు జ్ఞానభూమి, జలవిహార్. 2016 జూన్ 2న సంజీవయ్య పార్కులో 291 అడుగుల స్తంభం మీద జాతీయ జెండా ఎగిరింది. ఇక 2023 సంగతి చెప్పాలంటే ఆ ఒక్క ఏడాదిలోనే ఫిబ్రవరి 11న నెక్లెస్ రోడ్డు, సచివాలయం చుట్టూ ఫార్ములా-ఈ కార్లు పరుగెత్తాయి. ఏప్రిల్ 14న 125 అడుగుల అంబేడ్కర్ విగ్రహం, అదే నెల 30న కొత్త సచివాలయం, జూన్ 22న అమరవీరుల జ్యోతి ప్రారంభమయ్యాయి. దేశంలో మరే చెరువు ఒడ్డునా ఒకే ఏడాది ఇంత కట్టడం జరిగి ఉండదనిపిస్తుంది.

వీటిలో దేన్నీ తీసిపారేయడానికి లేదు. రాత్రిపూట బుద్ధుడి మీద దీపాలు వెలిగినప్పుడు కట్ట మీద నిలబడ్డ పసివాడి ముఖం చూస్తే, ఈ డబ్బు వృథా అనడానికి నోరు రాదు. ప్రశ్న అది కాదు. ఇన్నేళ్ల పనిలో చెరువు వంతు ఎంత అన్నదే ప్రశ్న.

పైసా ఖర్చు లేని సాయంత్రం

ఆదివారం పొద్దు వాలాక ట్యాంక్‌బండ్ మీదికి ఎవరెవరు వస్తారో గమనిస్తే ఈ స్థలం విలువ తెలుస్తుంది. భోలక్‌పూర్, ముషీరాబాద్, కవాడిగూడ గల్లీల నుంచి ఒకే బండి మీద నలుగురు వస్తారు. ఇల్లంటే ఒక్క గదే అయిన కుటుంబాలు. వారమంతా అపార్టుమెంట్ల పునాదుల్లో పనిచేసిన ఒడిశా, బిహార్ కుర్రాళ్లు గుంపులుగా వచ్చి ఊళ్లోని వాళ్లకు వీడియో కాల్‌లో బుద్ధుణ్ని చూపిస్తారు. పెళ్లి కుదిరిన జంటలు, పదవీ విరమణ చేసిన గుమస్తాలు, బుర్ఖా వేసుకున్న అమ్మ చేయి పట్టుకుని ఐస్‌క్రీం అడిగే పిల్లలు. కాల్చిన మొక్కజొన్న కంకి, ఓ పొట్లం మరమరాలు కొనుక్కుంటే చాలు. కొనకపోయినా ఎవరూ లేవమనరు. కోటి మంది నగరంలో పైసా ఇవ్వకుండా గంటలకొద్దీ కూర్చుని, దూరంగా చూపు పారించగలిగిన చోట్లు ఎన్ని ఉన్నాయి? 2021 ఆగస్టులో ఆదివారం సాయంత్రాలు వాహనాలు ఆపి ‘సండే ఫండే’ మొదలుపెట్టినప్పుడు జనం పోటెత్తడానికి కారణం అదే. అక్కడ కొత్తగా ఏమీ కట్టలేదు. బండ్లను ఆపారంతే.

కట్ట దిగి ఒడ్డు వెంట నడిస్తే మాత్రం దృశ్యం మారుతుంది. లుంబినికి టికెట్, ఎన్టీఆర్ గార్డెన్స్‌కు టికెట్, సంజీవయ్య పార్కుకు టికెట్, జలవిహార్‌కు పెద్ద టికెట్. ఒక్కోదాని ధర వేరుగా చూస్తే చిన్నదే కావచ్చు. అయిదుగురున్న కుటుంబానికి, దినసరి కూలీ మీద బతికే ఇంటికి, అది గేటు దగ్గరే వెనక్కి తిప్పే ధర. నీటి అంచు పొడవునా ఎక్కడ టికెట్ లేకుండా కూర్చోవచ్చో లెక్క తీసి, ఆ పొడవు ఏటేటా పెరుగుతోందా తరుగుతోందా చూస్తే, ఒడ్డును ఎవరి కోసం బాగుచేస్తున్నామో తేలిపోతుంది. ఏ పథకం ప్రకటనలోనూ నాకు ఆ లెక్క కనబడలేదు.

నగరం కన్నా ముందే పుట్టింది

చార్మినార్ నగరం 1591లో పుట్టింది. ఈ చెరువు 1562 నాటిది. గోల్కొండను ఏలుతున్న ఇబ్రహీం కులీ కుతుబ్ షా కాలంలో హుస్సేన్ షా వలీ తవ్వించాడు. మూసీ నుంచి కాలువ తీసి ఇటు మళ్లించారు. అంటే హైదరాబాద్ అనే ఊరు లేకముందే హుస్సేన్‌సాగర్ ఉంది. 1806లో కట్టకు ఉత్తరాన సికింద్రాబాద్ వెలిశాక ఈ కట్టే రెండు నగరాల మధ్య వంతెన అయింది. 1908 మూసీ వరద తర్వాత ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ కట్టేదాకా, అంటే సుమారు 1930 వరకు, ఈ నీళ్లను జనం తాగారు. తాగారు! ఇవాళ ఎండాకాలంలో నెక్లెస్ రోడ్డు స్టేషన్‌లో ఎంఎంటీఎస్ రైలు దిగి ముక్కు మూసుకునే కుర్రాడికి ఆ మాట చెబితే నమ్మడు. అతని ముత్తాత తరం కథే అది.

తెలంగాణలో చెరువంటే దాని కట్ట, తూము, అలుగు, శిఖం, వాటితోపాటు కట్ట మీద మైసమ్మ. లోయర్ ట్యాంక్‌బండ్‌లో కట్టమైసమ్మ గుడి ముందు ఇప్పటికీ బోనాల రద్దీ ఉంటుంది. ఊళ్లలో తూము తీయడం, మూయడం, అలుగు పారే తీరు గమనించడం, కట్టకు బుంగ పడితే అందరికన్నా ముందు కేక వేయడం నీరటి పని. అతనికి ఊరు పంటలో మేర కొలిచేది. ఎండాకాలంలో చెరువు ఎండితే శిఖంలో పూడిక తీసి పొలాలకు తోలుకునేవారు. కట్ట మీద ఏ రంగు వేయాలన్న చర్చ ఏ ఊళ్లోనూ జరగలేదు. ముందు వాగు దారి, తర్వాత పూడిక, ఆ తర్వాత తూము, అలుగు. 2015లో మొదలైన మిషన్ కాకతీయ కూడా 46 వేల పైచిలుకు చెరువులను పునరుద్ధరించే లక్ష్యంతో ఆ వరుసనే పట్టుకుంది. పల్లె చెరువుకు తెలిసిన ఆ వరుస రాజధాని నడిబొడ్డున ఉన్న చెరువు దగ్గర తలకిందులైంది.

నాలుగు నాలాలు

ఈ చెరువును అర్థం చేసుకోవాలంటే బుద్ధుడి వైపు కాదు, వెనక్కి తిరిగి చూడాలి. నీరు వచ్చే దారులు ప్రధానంగా నాలుగు. కూకట్‌పల్లి నాలా అన్నిటికన్నా పెద్దది. కూకట్‌పల్లి, బాలానగర్, ఫతేనగర్, సనత్‌నగర్ మీదుగా బేగంపేట బస్తీల మధ్య నుంచి దిగుతుంది. కంటోన్మెంట్ వైపు నుంచి పికెట్ నాలా వస్తుంది. బంజారా నాలా, బల్కాపూర్ నాలా ఖైరతాబాద్ దగ్గర కలుస్తాయి. ఒకప్పుడు ఇవన్నీ మంచినీటి దారులు. పారిశ్రామికవాడలు, వాటి చుట్టూ కాలనీలు పెరిగాక వాగులన్నీ మురుగు దారులయ్యాయి. చెరువు మంచినీటి గుండం నుంచి నగరం వదిలేసిన నీటి గుండంగా మారడానికి రెండు మూడు దశాబ్దాలకు మించి పట్టలేదు.

ప్రయత్నం జరగలేదని అంటే అన్యాయమే. ఒడ్డున శుద్ధి కేంద్రాలు వచ్చాయి. 2006లో జపాన్ రుణంతో చెరువు, దాని పరీవాహక ప్రాంతం బాగు కోసం పెద్ద పథకమే మొదలైంది. నాలాల మూతుల దగ్గర అడ్డుకట్టలు కట్టి మురుగును పైపుల్లోకి మళ్లించారు, నాలాలు కలిసే చోట పూడిక తీశారు. కూకట్‌పల్లి నాలా మురుగును దూరంగా అంబర్‌పేట శుద్ధి కేంద్రానికి పంపారు. ఎండ కాసే రోజుల్లో ఈ ఏర్పాటు కొంత పనిచేస్తుంది. గట్టి వాన పడిన గంటలో అంతా తారుమారవుతుంది. వాన నీరూ మురుగూ ఒకే నాలాలో కలిసి ఉబికి, పైపు పట్టలేనంత కాగానే అడ్డుకట్ట దాటి నేరుగా చెరువులోకి దూకుతుంది. ఏడాదంతా నాలా అడుగున పేరుకున్న చెత్త, బురద ఆ తొలి వరదతోనే వస్తుంది.

దీనికన్నా కష్టమైన చిక్కు ఇంకొకటి ఉంది. మురుగంతా మళ్లించేస్తే చెరువుకు వేసవిలో నీరెక్కడిది? పాత మూసీ కాలువ దారి నగరం కింద కలిసిపోయింది. మళ్లించకపోతే నీరు కుళ్లుతుంది. మళ్లిస్తే మట్టం పడిపోతుంది. కాబట్టి శుద్ధి చేసిన నీటినే తిరిగి చెరువులోకి వదలాలి. మామూలు శుద్ధి సరిపోదు. మురుగులోని నత్రజని, భాస్వరం తీయకుండా వదిలితే పైకి తేటగా కనిపించే ఆ నీరే నాచుకు ఎరువవుతుంది. నాచు పెరిగి, చచ్చి, అడుగుకు చేరి, కుళ్లి, నీటిలోని ఆక్సిజన్‌ను లాగేస్తుంది. మార్చి దాటాక గుప్పున వచ్చే కంపు అక్కడే పుడుతుంది. అడుగున దశాబ్దాలుగా పేరుకున్న బురద సంగతి సరేసరి. పైనుంచి రేపు చుక్క మురుగు రాకపోయినా ఆ బురద ఏళ్ల తరబడి నీటిలోకి భాస్వరాన్ని వదులుతూనే ఉంటుంది. సీసాల్లో సూక్ష్మజీవులు తెచ్చి చల్లినా, పడవలతో గుర్రపుడెక్క లాగినా తొలి వాన మురుగు, నీటి కొరత, అడుగు బురద అనే ఈ మూడు చిక్కుల్లో ఒక్కటీ తీరదు.

కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి లెక్క ప్రకారం, స్నానానికి పనికొచ్చే నీటిలో కరిగిన ఆక్సిజన్ లీటరుకు 5 మిల్లీగ్రాములకు తగ్గకూడదు. కుళ్లే పదార్థాన్ని కొలిచే బీవోడీ 3 మిల్లీగ్రాములు దాటకూడదు. ఒడ్డు మీద ఏ కొత్త పని మొదలుపెట్టినా ఈ రెండు అంకెలను నెక్లెస్ రోడ్డులోని పీపుల్స్ ప్లాజా దగ్గర, లుంబిని గేటు దగ్గర పెద్ద బోర్డు మీద నెలనెలా రాసిపెట్టాలని నా కోరిక. పార్కులకు ఎన్ని కోట్లు అయ్యాయో బోర్డు పెడుతున్నాం కదా.

నీళ్లను ఆపే చోటు

చెరువును ముట్టుకుంటే నగరం వరదను ముట్టుకున్నట్టే. 2000 ఆగస్టు 24న బేగంపేటలో ఒక్క రోజులో 240 మిల్లీమీటర్లకు పైగా వాన పడింది. 2020 అక్టోబరులో మళ్లీ అలాంటి రాత్రి వచ్చింది. పూర్తి మట్టం 513.41 మీటర్లు చేరగానే అలుగు నీరు దోమలగూడ, అశోక్‌నగర్, హిమాయత్‌నగర్ పక్కగా మిగులు నాలాలో పరుగెత్తి మూసీలో పడుతుంది. ఆ నాలా అంచున ఉన్న బస్తీల్లో, వాన జోరందుకున్న రాత్రి సామాను మంచాల మీదికి ఎక్కించడం ఆనవాయితీ. ఒడ్డున శిఖంలో మట్టి పోసి మనం ఎంత పార్కు సంపాదించామో, అంత నీరు నిలిచే చోటు పోగొట్టుకున్నాం. ఆ నీరు ఎక్కడికో పోదు, అశోక్‌నగర్ ఇళ్లలోకే వస్తుంది.

2014 చివర్లో అప్పటి ముఖ్యమంత్రి కేసీఆర్ చెరువు చుట్టూ 60 నుంచి 100 అంతస్తుల భవనాలు వస్తాయని ప్రకటించారు. మరుసటి ఏడాది చెరువును ఖాళీ చేసి శుభ్రం చేయాలనుకుంటే జాతీయ హరిత ట్రైబ్యునల్ అడ్డుకుంది. ఆకాశహర్మ్యాలు కాగితం మీదే ఆగాయి. మంచిదే జరిగిందని నమ్ముతాను. గాలి ఆడే ఆ నిడుపాటి ఖాళీని నాలుగు వైపులా గోడ కడితే, కింద కట్ట మీద కూర్చున్నవాడికి మిగిలేది ఇతరుల కిటికీలే.

ప్యారిస్ భూమి కింద ఏం కట్టింది?

నదీ తీరాల అందం గురించి మాట్లాడేటప్పుడు మన నాయకులు ప్యారిస్ పేరు తప్పకుండా తెస్తారు. అయితే అక్కడి సెయిన్ నదిలో ఈత 1923 నుంచి నిషిద్ధంగా ఉండేది. 2024 ఒలింపిక్స్‌ను గడువుగా పెట్టుకుని ఆ నగరం నదిని శుభ్రం చేయడానికి దాదాపు 140 కోట్ల యూరోలు, అంటే మన పన్నెండు వేల కోట్ల రూపాయల పైమాటే, ఖర్చుపెట్టింది. అందులో పెద్ద భాగం కంటికి కనిపించని చోటికి పోయింది. ఆస్టర్లిట్జ్ రైల్వే స్టేషన్ దగ్గర భూగర్భంలో 5 కోట్ల లీటర్లు పట్టే తొట్టి కట్టారు. వాన ఉద్ధృతంగా పడినప్పుడు మురుగు కలిసిన నీటిని అందులో ఆపి, వాన వెలిశాక శుద్ధికి పంపుతారు. నగరానికి ఎగువన మురుగు పైపులు తప్పుగా వాన కాలువలకు కలిపిన ఇళ్లను వెతికి సరిచేశారు. నది మీద తేలే ఇంటి పడవలను కూడా మురుగు లైనుకు కలిపారు.

అంత చేశాక కూడా ఒలింపిక్స్‌లో పురుషుల ట్రయాథ్లాన్ నీటి నాణ్యత బాగాలేక ఒక రోజు వాయిదా పడింది. 2025 జులైలో మూడు చోట్ల సామాన్య జనం నదిలో దిగి ఈత కొట్టారు. పెద్ద వాన పడితే ఆ చోట్లు మూసేస్తారు. అంత డబ్బు మనకెక్కడిది అనవచ్చు. హుస్సేన్‌సాగర్ సెయిన్ కన్నా చాలా చిన్నది, దానిలోకి నీరు తెచ్చే ప్రధాన నాలాలు నాలుగే. ప్యారిస్ నుంచి మనం తెచ్చుకోవలసింది తొట్టి: నాలా మూతి దగ్గర తొలి వాన నీటిని పట్టి ఉంచే తొట్టి. అది ఫొటోల్లో పడదు, దాని మీద శిలాఫలకం వేయడం కూడా కష్టం.

ఎవరి చెరువు?

ఒడ్డు, పార్కులు హెచ్ఎండీఏ చేతిలో ఉన్నాయి. నాలాలు జీహెచ్ఎంసీవి. మురుగు పైపులు, శుద్ధి కేంద్రాలు జలమండలివి. పడవలు పర్యాటక శాఖవి. నీటి పరీక్ష కాలుష్య నియంత్రణ మండలిది. ఆక్రమణల పని 2024లో వచ్చిన హైడ్రాది. వినాయక నిమజ్జనం రోజున పోలీసులు, క్రేన్లు, విగ్రహాలు, అప్పుడు అందరూ ఉంటారు. ఖైరతాబాద్ మహాగణపతి నీటిలోకి దిగాక వారం తిరిగేసరికి ఇనుప చట్రాలు, విగ్రహాల ముక్కలు మిగులుతాయి. 2000లో బుద్ధ పూర్ణిమ ప్రాజెక్టు అథారిటీ అని ఈ ఒక్క చెరువు కోసమే ఒక సంస్థ పుట్టింది. 2008లో హెచ్ఎండీఏలో కలిసిపోయింది. పేరుకు తగ్గట్టే దాని చూపు చెరువు అంచు మీదే నిలిచింది. ఫతేనగర్‌లో నాలాలోకి రాత్రిపూట ట్యాంకర్ ఏమి వదిలి వెళ్లిందో పట్టుకునే అధికారం, దాని ఫలితంగా సంజీవయ్య పార్కు దగ్గర చేపలు తేలితే జవాబు చెప్పే బాధ్యత ఒకే మనిషి మీద ఉన్న రోజు ఈ చెరువుకు ఎన్నడూ రాలేదు.

ఈ నీటిని రోజూ ముట్టుకునేవాళ్లు నగరంలో కొందరే ఉన్నారు. వాళ్లలో తెరచాప పడవలు నేర్చుకునే పిల్లలు ముఖ్యులు. యాట్ క్లబ్ ఆఫ్ హైదరాబాద్ బస్తీ పిల్లలను, ప్రభుత్వ పాఠశాలల పిల్లలను తెచ్చి ఈ నీళ్ల మీదే శిక్షణ ఇస్తోంది. జాతీయ పోటీల్లో పతకాలు తెచ్చినవాళ్లు వాళ్లలో ఉన్నారు. పడవ బోల్తా పడితే లేపడం ఆ ఆటలో మొదటి పాఠం. అంటే నీళ్లలో పడాలి, మునగాలి, నోట్లోకి కాసిని నీళ్లు పోవాలి. కోట్లతో వేసిన గ్రానైట్ కాలిబాట మీద నడిచేవాడికి ఈ చెరువు కేవలం దృశ్యం. ఆ పిల్లలకు అది ఒంటికి తగిలే నీరు. చెరువు బాగుపడిందో లేదో చెప్పాలంటే ఆ పిల్లల తల్లులను అడగాలి.

మూసీకి ముందు

ఇప్పుడు మాట అంతా మూసీ మీద ఉంది. 55 కిలోమీటర్ల మేర నదీ తీరాన్ని అభివృద్ధి చేస్తామంటున్నారు. 2024 సెప్టెంబరులో చాదర్‌ఘాట్, మూసారాంబాగ్ ప్రాంతాల్లో నదీగర్భంలోని ఇళ్లకు ఎర్ర అక్షరాలతో గుర్తులు పడ్డాయి. అక్టోబరులో మంత్రులు, పాత్రికేయుల బృందం సియోల్ వెళ్లి చెయోంగ్‌గ్యెచెయోన్ వాగును చూసి వచ్చింది. అహ్మదాబాద్ సబర్మతి తీరం ఊసూ వస్తోంది. అక్కడ నగరం నడుమ నిండుగా కనిపించే నీరు నర్మద కాలువది. ఆ తీరం కోసం వేల కుటుంబాలు కదిలాయి.

మూసీ పనికి నేను వ్యతిరేకిని కాను. ఆ నది అలా ఉండకూడదు. కానీ ఇళ్ల మీద గుర్తులు పడిన వేగంతో నాలాల మీద పనులు జరగాలి. హుస్సేన్‌సాగర్ మిగులు నాలా చేరేది మూసీలోనే. కూకట్‌పల్లి నుంచి మళ్లించిన మురుగు శుద్ధయ్యే అంబర్‌పేట కేంద్రం కూడా మూసీ ఒడ్డునే ఉంది. ఈ చెరువు మీద నలభై ఏళ్లలో నేర్చుకున్నది మూసీ పటంలో ఎక్కాలంటే ఆ పటం బాపూఘాట్ దగ్గర, చాదర్‌ఘాట్ వంతెన దగ్గర మొదలైతే చాలదు. బాలానగర్ వెనుక వీధుల్లో, నాలాలోకి తెరుచుకున్న ప్రతి పైపు దగ్గరా ఒక చుక్క పెట్టి, దాని పక్కన ఏ శాఖ, ఏ తేదీ నాటికి మూయాలో రాసి, ఆ కాగితాన్ని బస్తీల్లోనూ ట్యాంక్‌బండ్ మీదా అంటించాలి. తేదీ దాటితే ఎవరిని అడగాలో ఆ కాగితం మీద ఒక పేరు కూడా ఉండాలి.